టియర్‌డ్రాప్ ట్రైలర్: పైతొడుగు కంటే ముందు నీటి దారి తేల్చుకోండి

సొంతంగా టియర్‌డ్రాప్ ట్రైలర్ కట్టుకోవాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు అడిగేది పైతొడుగు గురించే. అల్యూమినియమా, ఫైబర్‌గ్లాసా, గుడ్డా, ఉత్త రంగా? కంటికి కనిపించేది అదే కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజం. అయితే ఏ తొడుగు వేసినా ఏదో ఒక రోజు దాని కిందికి నీళ్లు చేరతాయి. చేరిన నీళ్లు ఎటు పోతాయో ఆలోచించకుండా రేకు కొనడమంటే వాటం చూడకుండా స్లాబు పోయడమే.

ఈ బండి ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న పడకగది. ముందు గుండ్రంగా ఉండి, వెనక్కి వాలుతూ నీటిబొట్టులా ఉంటుంది. లోపల నిలబడలేం, ఇద్దరు హాయిగా పడుకోగలరు. వెనక కారు డిక్కీలాంటి మూత ఎత్తితే వంటగట్టు. అమెరికాలో 1930లలో మొదలై, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బాగా వ్యాపించింది. యుద్ధ విమానాల కోసం తయారైన అల్యూమినియం మిగులు సరుకుగా మార్కెట్లోకి రావడం, 1947లో ఒక మాసపత్రిక దీని కొలతలు, బొమ్మలు అచ్చువేయడం అందుకు కలిసొచ్చాయి. అక్కడ ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఒక్కో పక్కగోడ ఒక్కో షీటులోంచి కోసుకోవచ్చు. అందుకే ఈ బళ్లలో చాలావాటి గది ఎత్తు 4 అడుగులు, పొడవు 8 అడుగులు. మెరిసే అల్యూమినియం వీటికి గుర్తుగా స్థిరపడటం వెనక కూడా ఇలాంటి మామూలు కారణమే ఉంది. ఆ రోజుల్లో అది చేతికందిన సరుకు. అందరికంటే మేలైన తొడుగు అదేనని ఎవరూ పరీక్ష పెట్టి తేల్చలేదు.

జిగురు తట్టుకుంటుంది, చెక్క తట్టుకోదు

ముందు ప్లైవుడ్ సంగతి. వాటర్‌ప్రూఫ్ అని అమ్మే షీటులో నీళ్లకి తట్టుకునేది పొరల మధ్య ఉన్న జిగురు. మన దగ్గర ఇంటిపనికి ప్లైవుడ్ కొన్నవాళ్లకి బీడబ్ల్యూఆర్ (మరుగునీటిని తట్టుకునేది), బీడబ్ల్యూపీ (మరుగునీటికి లొంగనిది, మెరైన్ రకం) అన్న మాటలు పరిచయమే. భారత ప్రమాణం ఐఎస్ 303 కింద బీడబ్ల్యూఆర్ ముక్కని 8 గంటలు, ఐఎస్ 710 కింద మెరైన్ ముక్కని 72 గంటలు ఉడకబెట్టి పొరలు ఊడతాయేమో చూస్తారు. ఆ పరీక్ష జిగురుకి. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే కుళ్ళు పట్టించే శిలీంధ్రాలు పని మొదలుపెడతాయి. జిగురు చెక్కుచెదరదు, దాని చుట్టూ ఉన్న చెక్క మాత్రం గోటితో గీరితే రాలిపోయే స్థితికి వస్తుంది. మన ఐఎస్ 710 మెరైన్ ప్లైకి కుళ్ళు మందు పట్టించాలన్న నియమం ఉంది. అమెరికాలో మెరైన్ గ్రేడ్ పేరుతో వచ్చే డగ్లస్ ఫర్ అనే చెట్టు కర్రతో చేసిన షీటుకి అది లేదు. పొరల్లో ఖాళీలు లేకుండా, మంచి చెక్కతో చేస్తారు, అంతే. ఇక్కడి అలవాటుతో అక్కడ దుకాణానికి వెళ్లే మనవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ట్రైలర్లు కట్టేవాళ్లు ఎక్కువగా మెచ్చుకునేది బాల్టిక్ బర్చ్ అన్న ప్లైవుడ్. పొరలు సన్నం, ఎక్కువ, లోపల డొల్ల ఉండదు, స్క్రూ బిగిస్తే వదలదు. దీనికి మూడు చిక్కులున్నాయి. ఇది ఎక్కువగా 5 అడుగుల చదరపు షీట్లుగా వస్తుంది కాబట్టి పక్కగోడకి అతుకు తప్పదు. 2022లో రష్యా సరుకు మీద అమెరికా సుంకాలు పెంచాక ధర బాగా ఎక్కింది. పైగా బర్చ్ కర్రకి కుళ్ళుని ఎదిరించే గుణం దాదాపు లేదు. చూడముచ్చటగా ఉంటుందని దాన్ని ఎంచుకుని, అంచుల్ని పచ్చిగా వదిలేస్తే ఆ ఖరీదంతా వృథా.

రంగు వేసే ఉద్దేశం ఉంటే నా ఓటు ఎండీఓ అనే రకం ప్లైవుడ్‌కి. ప్లైవుడ్ మీద రెజిన్ పట్టించిన కాగితాన్ని వేడితో అతికించిన షీటు ఇది. రోడ్డు పక్క సైన్‌బోర్డులకి వాడేదే. ఏళ్ల తరబడి ఎండావానల్లో నిలబడటానికి పుట్టింది, రంగు అద్దంలా పడుతుంది. చెక్క చార కనబడదన్న ఒకే ఒక్క కారణంతో దీన్ని పక్కన పెట్టేస్తుంటారు.

చెక్క పేళ్లని జిగురుతో ఒత్తి చేసే ఓఎస్‌బీ పలక జోలికి పోకపోవడం మంచిది. తడిస్తే అంచులు ఉబ్బుతాయి, ఎండాక మళ్లీ తగ్గవు. అంతకంటే ఎక్కువమంది పడే గోతి ఇంకొకటి ఉంది: నేలకి పనికొస్తుందని ప్రెజర్ ట్రీటెడ్ కర్ర కొనడం. మందు పట్టించింది కదా, కుళ్ళదు కదా అన్న లెక్క. అది దుకాణంలో తడితడిగానే ఉంటుంది, బరువెక్కువ, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, జిగురు సరిగ్గా పట్టదు. అన్నిటికీ మించి ఇప్పుడు వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. రాగి, తేమ కలిసి పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తాయి, మామూలు ఇనుప స్క్రూల్నీ వదలవు. నేలకి మామూలు ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ వాడి, కిందివైపు, అంచులకి పునాదుల మీద పూసే తారు ఎమల్షన్ దట్టంగా పట్టిస్తే చాలు. చవక, రాతిముక్కలు తగిలినా ఓర్చుకుంటుంది, కింద కాబట్టి అందచందాల గొడవ లేదు.

మూసేస్తారా, ఆరనిస్తారా

చెక్కని కాపాడటానికి ఉన్నవి రెండే పద్ధతులు. ఒకటి, నీటి చుక్క కూడా చొరబడకుండా అన్ని వైపులా మూసేయడం. రెండోది, కాస్త తడి చేరినా మళ్లీ ఆరిపోయేలా ఊపిరి ఆడనివ్వడం. రెండూ పనిచేస్తాయి. పైవైపు గట్టిగా మూసి లోపలివైపు, అంచులు, స్క్రూ రంధ్రాలు వదిలేసే మూడో పద్ధతి పనిచెయ్యదు. నీళ్లు ఆ రంధ్రంలోంచి దూరతాయి, బయటికి పోయే దారి ఉండదు. పై పూత నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గోడ మెత్తబడుతుంటుంది. తొడుగు దండగని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

మూసేసే పద్ధతిలో పెద్దది ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్. పడవలు కట్టేవాళ్ల నుంచి వచ్చిన విద్య. చదరపు మీటరుకి 200 గ్రాములుండే పలచటి గాజు గుడ్డని చెక్క మీద పరిచి ఎపాక్సీతో తడిపి, ఆరాక నేత కనబడకుండా మరో రెండు పూతలు వేస్తారు. పాలిస్టర్ రెజిన్ చవగ్గా వస్తుంది కదా అని దాన్ని వాడితే చెక్కని అంత గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్లకి పొరలా లేచి వస్తుంది. ఎపాక్సీకి కొన్ని నఖరాలున్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పాడుచేస్తాయి, కాబట్టి పైన రంగో, ఆ కిరణాల్ని ఆపే వార్నిషో తప్పదు. చాలా రకాలు గట్టిపడేటప్పుడు పైకి మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, గరుకు కాగితం పెట్టాకే తర్వాతి పూత వేయాలి. మామూలు వాతావరణంలో గట్టిపడే రకాలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. టెక్సస్ ఎండలో నల్లరంగు వేసిన కప్పు ఆ వేడిని సులువుగా దాటుతుంది. అందుకే ఎపాక్సీ మీద లేత రంగులే వేయమంటారు.

ఎపాక్సీ పద్ధతి అసలు ప్రాణం స్క్రూ రంధ్రాల్లో ఉంది. కిటికీ, తలుపు, దీపం, ఏది బిగించాలన్నా ముందు కావలసిన దానికంటే పెద్ద రంధ్రం చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో అసలు రంధ్రం చేస్తారు. అప్పుడు స్క్రూ పక్కనుంచి నీళ్లు దిగినా చెక్కని తాకవు. విసుగు పుట్టించే పని. దీనికి ఓపిక లేనివాళ్లు ఎపాక్సీ కొనకుండా ఉండటమే డబ్బు ఆదా.

రెండో పద్ధతికి మంచి ఉదాహరణ గుడ్డ. మందపాటి నూలు కాన్వాసుని, లేదా రంగులేసేటప్పుడు నేల మీద పరిచే దుప్పటిలాంటి గుడ్డని, నీళ్లు కలిపిన టైట్‌బాండ్ లాంటి కర్ర జిగురుతో ప్లైవుడ్ మీద అతికించి, ఆరాక ఇంటి బయట గోడలకి వేసే లేటెక్స్ రంగు నాలుగైదు పూతలు వేస్తారు. మొదటి పూత పలచగా వేస్తే నేతలోకి ఇంకుతుంది. అమెరికాలో దీన్ని పేదవాడి ఫైబర్‌గ్లాస్ అని వెటకారంగా పిలుస్తారు గానీ, విద్య పాతది. మెయిన్ రాష్ట్రంలో 19వ శతాబ్దం చివర్లో చెక్క పడవలకి ఇలాగే కాన్వాసు తొడిగి, పూత వేసి నదుల్లోకి దింపేవాళ్లు. విషపు వాసన లేదు, చేతొడుగులు లేకపోయినా పని నడుస్తుంది, గీత పడితే గుడ్డముక్క అతికించి రంగు పూస్తే అయిపోతుంది. ఈ గుడ్డనే చెక్క ఊసు లేకుండా ఎక్స్‌పీఎస్ నురగ పలకల మీద అతికించి తేలికైన బళ్లు కట్టేవాళ్లూ ఉన్నారు. లోటు కూడా చెప్పాలి. ముందు టైర్లు చిమ్మే కంకరకి ముక్కు భాగంలో రంగు చిట్లుతుంది. అక్కడ ఒక పలకో, అల్యూమినియం ముక్కో అడ్డం పెట్టాలి. కొన్నేళ్లకోసారి రంగు మళ్లీ వేయక తప్పదు.

ఇంకా సాదా దారి కూడా ఉంది. ఆయిల్ ఆధారిత పాలియురెథేన్ వార్నిష్‌ని సగానికి సగం మినరల్ టర్పెంటైన్‌తో పలచన చేసి ప్లైవుడ్ అంచులకి తాగినంత పట్టించడం. ప్లైవుడ్ ఎక్కువ నీళ్లు తాగేది అంచుల్లోంచే కాబట్టి, పైన ఏ తొడుగు వేసినా ఈ పని మాత్రం చేసి తీరాలి. నేల, గోడ కలిసే చోట ముఖ్యంగా. అన్నీ బిగించాక అక్కడికి కుంచె పోదు.

అల్యూమినియం కదులుతుంది

అల్యూమినియం తొడుగు మూసేసే పద్ధతిలా కనిపిస్తుంది, అసలుకది వానకోటు. చెక్కని కప్పుతుంది గానీ దానికి అంటుకుని ఉండదు, ఉండకూడదు కూడా. ఎందుకో చిన్న లెక్కలో తేలుతుంది. డిగ్రీకి అల్యూమినియం తన పొడవులో 10 లక్షల వంతుల్లో 23 వంతులు సాగుతుంది. 8 అడుగుల రేకు తెల్లవారుజాము చలి నుంచి మధ్యాహ్నపు ఎండకి 40 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. కింద ప్లైవుడ్ అందులో చిన్న వంతే పెరుగుతుంది. రేకుని మొత్తం జిగురుతో అతికిస్తే ఆ పెరిగిన భాగానికి చోటు లేక మధ్యలో బొబ్బల్లా లేస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు రేకుని మధ్యలో ఎక్కడా పట్టి ఉంచరు. అంచుల్లో అల్యూమినియం బీడింగ్ కింద నొక్కి, కదలడానికి సందు వదులుతారు. స్క్రూ పోయే రంధ్రం కూడా రేకులో కాస్త పెద్దదిగా చేస్తారు.

మందం 0.8 నుంచి 1 మిల్లీమీటరు చాలు. అంతకంటే పలచనైతే వడగళ్లకి సొట్టలు పడతాయి, మందమైతే కప్పు వంపుకి లొంగదు. అల్యూమినియం మిశ్రమాల్లో 3003 నంబరు రకం మెత్తగా వంగుతుంది. బలమైనదని 6061 తెచ్చి, ఇరుకు వంపుల్లో పగుళ్లు వచ్చాక లబోదిబోమనే కంటే ముందే అడిగి తెలుసుకోవడం నయం. కప్పుకి అతుకు లేకుండా ఒకే రేకు దొరికేలా చూసుకోండి. పెద్ద లారీల ట్రైలర్ కప్పులకి వాడే వెడల్పాటి చుట్టలోంచి కావలసినంత కోసిచ్చేవాళ్లు ఉంటారు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఇనుప ఛాసిస్‌కి అల్యూమినియం నేరుగా తగలకుండా మధ్యలో టేప్ గానీ రబ్బరు గానీ ఉండాలి. లేదంటే తగిలిన చోట తెల్లటి పొడి తేలుతుంది.

వానకోటు కింద చెమట పట్టినట్టే చల్లటి రేకు వెనకా చెమ్మ చేరుతుంది. కాబట్టి రేకు కప్పే ముందు చెక్కకి పూత పడాల్సిందే. ఈ ఒక్క పని మానేసిన బళ్లు బయటికి మెరుస్తూ లోపల కుళ్ళుతాయి. పాత అల్యూమినియం ట్రైలర్ కొని రేకు విప్పి చూసినవాళ్లకి ఇది కొత్త విషయం కాదు.

ఎఫ్‌ఆర్‌పీ (గాజునార కలిపిన ప్లాస్టిక్) పలకల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్యాక్టరీ ట్రైలర్లకి వేసే నున్నటి రకం బాగానే ఉంటుంది, కాకపోతే పెద్ద చుట్టల్లో వస్తుంది, జిగురు పూసి ఒక్క ఊపులో ఒత్తాలి, ఇంటి గరాజ్‌లో ఇద్దరు మనుషులతో గాలి బుడగలు లేకుండా అతికించడం కష్టం. హార్డ్‌వేర్ దుకాణంలో బాత్రూం గోడల కోసం అమ్మే బుడిపెల పలక చూసి మోజుపడొద్దు. దాన్ని ఎండ కోసం చేయలేదు, పసుపెక్కిపోతుంది.

నీళ్లు వచ్చేది అతుకులోంచి

పైతొడుగు మధ్యలోంచి నీళ్లు కారడం అరుదు. కిటికీ చట్రం, తలుపు చట్రం, కప్పు గోడని కలిసే అంచు, వెనక మూత కీలు, ఈ నాలుగే అసలు దారులు. కిటికీ, తలుపు చట్రాల కింద బ్యూటైల్ అనే జిగట రబ్బరు టేప్ వాడాలి. అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, బండి కుదుపులకి సాగి సర్దుకుంటుంది. స్క్రూలు ఒక్కసారి బిగించి ఊరుకోకుండా, కొన్ని రోజులాగి, పిండినట్టు బయటికి వచ్చిన టేపుని కత్తిరించి, మళ్లీ బిగించాలి. చేతికందింది కదా అని సిలికోన్ పూయడం చాలామంది అలవాటు. సిలికోన్ మీద రంగు పట్టదు, మరో సీలెంటూ పట్టదు, చివరికి కొత్త సిలికోన్ కూడా పాతదాన్ని సరిగ్గా అంటుకోదు. ఒకసారి పూస్తే దాని జిడ్డు చెక్కలో ఉండిపోయి తర్వాతి మరమ్మతులన్నిటినీ చెడగొడుతుంది. పాలియురెథేన్ సీలెంట్ వాడండి.

వెనక మూతకి ప్రత్యేక శ్రద్ధ కావాలి. వంపు తిరిగిన పక్కటెముకల మీద 3 మిల్లీమీటర్ల ప్లై అతికించి చేస్తారు. బిగింపులు తీసేయగానే అది కాస్త తెరుచుకుంటుంది, బండి మీద పెడితే కింది అంచు దగ్గర వేలు పట్టేంత సందు. దానికి మందు ఏమిటంటే మూతని బండి మీదే, దాని చోట్లోనే ఉంచి అతికించి జిగురు పూర్తిగా ఆరేదాకా కదపకపోవడం, లేదా పక్కటెముకల్ని మొదటే కాస్త ఎక్కువ వంపుతో కోయడం. కీలు దగ్గర మామూలు పియానో కీలు (పొడవాటి పట్టీ కీలు) వేస్తే వాన నేరుగా దిగుతుంది. టియర్‌డ్రాప్‌ల కోసమే హరికేన్ కీలని ఒకటి దొరుకుతుంది. రెండు అల్యూమినియం పట్టీలు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి, నీళ్లు మీద నుంచి జారి పక్కలకి పోతాయి. బండిలో ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చేయొద్దు.

బయటి వానతో పాటు లోపలి వాన కూడా ఉంది. అంత చిన్న గదిలో రాత్రంతా ఇద్దరు ఊపిరి పీల్చి వదిలితే చలికాలంలో పొద్దున్నకి గోడల మీద నీళ్లు జారతాయి, పరుపు కింద బూజు మొదలవుతుంది. గోడల మధ్య ఎక్స్‌పీఎస్ పలక పెడితే లోపలి గోడ మరీ చల్లబడదు. ఇళ్లలో వాడే గ్లాస్ ఊలు వద్దు, తడిస్తే ఆరదు, కుదుపులకి కిందికి జారి ముద్దవుతుంది. ఎంత నురగ పెట్టినా కప్పులో ఒక ఫ్యాను, కింద ఎక్కడో గాలి వచ్చే సందు లేకపోతే తేమ పోదు.

బరువు లెక్క ఎప్పుడూ కాగితం మీద ఉండాలి. ముప్పావు అంగుళం ప్లై షీటు ఒక్కటి దాదాపు 30 కిలోలు. పావు అంగుళంతో సరిపోయే చోట దాన్ని వేస్తూ పోతే చిన్న కారు లాగలేని బండి తయారవుతుంది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మొత్తం బరువు 1,500 పౌండ్లకి చేరితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలి, చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 పౌండ్ల దగ్గర ఉంది. ఇంట్లో కట్టిన ట్రైలర్‌కి నంబరు తెచ్చుకునే దారి అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉంది. మన దగ్గర ట్రైలర్‌ని రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించకూడదు. సొంతంగా కట్టినదానికి ఆ కాగితాలు తెచ్చుకోవడం చెక్కపని కంటే పెద్ద పని, కాబట్టి ఇక్కడ మొదలుపెట్టేవాళ్లు రంపం కంటే ముందు ఆర్టీఓ ఆఫీసు చూడాలి.

ఇన్ని చెప్పాక ఏది వేయమంటావని అడిగితే, మొదటిసారి కట్టేవాళ్లకి నా సలహా ఎండీఓ గోడలు, దాని మీద మంచి రంగు, కప్పుకి ఒకే అల్యూమినియం రేకు. వాన ఎక్కువ పడేది కప్పు మీదే, అక్కడ అతుకు ఉండదు. గోడలకి ఏదైనా అయితే కుంచెతో సరిపోతుంది. చెక్క అందం కావాలంటే ఎపాక్సీ, దానికి తగ్గ ఓపిక. చేతిలో డబ్బు తక్కువుంటే గుడ్డ, సంకోచం అక్కర్లేదు. బండి ఏడాదంతా ఆరుబయట ఉంటుందా, గరాజ్‌లోనా అన్నది కూడా చూసుకోవాలి. అమెరికాలో చాలా కాలనీల హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) వాకిట్లో ట్రైలర్ నిలపనివ్వవు. అద్దె స్థలంలో ఎండావానల్లో నెలల తరబడి ఉండే బండికి వార్నిష్ వేసిన చెక్క ఒప్పదు.

లోపలి గోడలు మూయకముందే నీటి పరీక్ష పెట్టండి. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నుంచి గొట్టంతో నీళ్లు పట్టాలి. కింద తలుపు అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అతుకు దగ్గర కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి రావాలి, కప్పు ఆఖర్న. ముందే కప్పు మీద పోస్తే నీళ్లు అన్ని అతుకుల మీదా పారతాయి, కారేది ఏదో తెలియదు. చుక్క కనబడ్డ చోట లోపల పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బండి పూర్తిగా ఆరాక ఆ అతుకు విప్పి కొత్త బ్యూటైల్ వేయాలి. ఉన్నదాని మీద పైన పూస్తే సరిపోదు.